బిల్లులో కింది అంకె

జనవరి 12

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ముందు నీ నడుం నొప్పి ఎలా ఉంది? టైరు విప్పేటప్పుడు వంగొద్దు, పీట వేసుకుని కూర్చో అని పోయినసారీ రాశాను. కూర్చుంటున్నావా? మరదలి మోకాలి వాపు తగ్గిందా? లాండ్రీలో పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేసే మనిషికి మోకాలు ఎలా తగ్గుతుందిలే అని నేనే అనుకుంటాను, మళ్ళీ నేనే అడుగుతాను. మీ పై వాటా టీచరమ్మకి కంటి ఆపరేషన్ అయిందా? ఆవిడ ముఖం కూడా నేను ఎరగను. నువ్వు ఒకసారి రాశావు కాబట్టి ఆవిడ కన్ను కూడా నా దిగుళ్ళలో చేరిపోయింది.

ఇక్కడ మా అమ్మాయి బాగానే ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర పనికి పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. నాకు మూడో అంతస్తు మెట్లు తప్ప వేరే జబ్బు లేదు. కింది వాటా ఖాళీ అయితే మారదామని, అడ్వాన్సు కోసం బ్యాంకులో కొంచెం కొంచెంగా డిపాజిట్ వేస్తున్నాను. ఈలోగా ప్రతి మలుపులో ఆగి, ఏదో మరిచిపోయినదానిలా సంచీలో వెతుక్కుంటూ ఆయాసం తీర్చుకుంటున్నాను.

నీ పార్సెల్ అందింది. చెవి మిషన్లు, అదీ రెండు చెవులకీ! అమ్మాయి పెట్టి మీట నొక్కగానే ఉలిక్కిపడ్డాను. వంటింట్లో కుళాయి కారుతోందిరా. ఎన్నాళ్ళ నుంచి కారుతోందో. "మూడేళ్ళ నుంచి అమ్మా, నేను చెబుతూనే ఉన్నా" అంది అమ్మాయి. ఆ పిల్ల మాట చివర చిన్నగా నిట్టూరుస్తుందని కూడా ఇప్పుడే తెలిసింది. అది వినకపోయినా బాగుండేది.

అయితే ఒరేయ్ సైకిల్ గంటా, ధర చీటీ ఎందుకు చింపేశావు? చీటీ బదులు నువ్వు రాసిన ముక్క చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. "కార్డు వాళ్ళు వెనక్కిచ్చిన డబ్బుతో కొన్నాను. నా చేతి నుంచి చిల్లిగవ్వ పడలేదు" అన్నావు. ఏ కార్డు? వాళ్ళు ఎవరు? నువ్వంటే వాళ్ళకి ఎందుకంత ప్రేమ? ఫోన్ చేయకు, ఫోన్‌లో నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద రాయి.

దిగులుతో,
నీ అక్క


జనవరి 27

అక్కా,

నీ గంట మోగుతున్నాడు, విను.

నడుం బాగుంది. మోకాలు అలాగే ఉంది. టీచరమ్మకి చూపొచ్చింది. వచ్చీ రాగానే మా మెట్ల మీద దుమ్ము కనబడి గొడవ పెట్టుకుంది.

కార్డు సంగతి చెబుతాను. ఇదివరకు ట్యూబులూ, చెయిన్లూ, బ్రేకు తీగలూ హోల్‌సేల్ కొట్లో నగదు ఇచ్చి కొనేవాణ్ణి. ఇప్పుడు క్రెడిట్ కార్డు గీస్తాను. వందకి రెండు నాకు వెనక్కి వేస్తారు. అదే ట్యూబు, అదే ధర, పైగా రెండు లాభం. వెనక్కి వేసిన రోజున ఫోన్ టింగుమంటుంది. నేను దాన్ని మీ మరదలికి చూపిస్తాను. "పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో నీకు ఎవరైనా డబ్బు వెనక్కివ్వడం ఇదే చూడటం" అంటుంది.

వడ్డీ అంటావేమో. గడువులోగా కడితే వడ్డీ లేదు. నేను ఒక్క రోజు కూడా దాటనివ్వను. వాళ్ళు కూడా పెద్ద మనసున్న వాళ్ళే అక్కా. నా షాపులో నేనెలా చేస్తాను? పోస్ట్‌మాన్ టైరు మార్పించుకుని జేబు తడుముకుంటే "ఉన్నంత ఇచ్చి వెళ్ళు, మిగతాది తర్వాత" అంటాను కదా. వీళ్ళూ అంతే. బిల్లు మీద పైన ఒక పెద్ద అంకె ఉంటుంది. కింద "కనీసం కట్టవలసినది" అని చిన్న అంకె వేసి, వాళ్ళే తగ్గించి అడుగుతారు. మర్యాద తెలిసిన వాళ్ళు.

ఎవరూ ఊరికే ఇవ్వరని నువ్వే అంటున్నావా? వెయ్యో చొక్కా కుట్టినందుకు మీ కుట్టు వర్క్‌షాపు యజమాని నీకు బహుమానం ఇవ్వలేదా? ఆ డబ్బుతోనే కదా నాకు పనిముట్ల పెట్టె కొన్నావు? పంతొమ్మిదేళ్ళ వాడికి ఆ పెట్టె దొరక్కపోతే ఈ షాపే లేదు. అప్పుడు నీకు అదృష్టం తగిలింది, ఇప్పుడు నాకు తగిలింది. సుఖంగా విను.

నీ గంట


ఆగస్టు 19

అక్కా,

నువ్వు వరుసగా రాసిన మూడు ఉత్తరాలకీ కలిపి జవాబు ఇది. కోప్పడకు, పని ఎక్కువగా ఉంది.

కార్డు బ్రహ్మాండంగా ఉంది. ఇంటి సరుకులు కూడా దాని మీదే. పోయిన నెల ఎనభై వెనక్కి వచ్చింది. మీ మరదలు "ఎనభైకి ఇంత సంబరమా, ఆ సంబరంతో ఇంకో రెండు కిలోలు కొనేశావు" అని ఎగతాళి. ఆడవాళ్ళకి వ్యాపారం ఏం తెలుస్తుంది. నిన్ను అనలేదులే.

ఈమధ్య షాపుకి నడిచే వెళ్తున్నాను. డాక్టరు నడవమన్నాడు. నలభై నిమిషాలు. గాలి బాగుంటుంది. ఇంకేం విశేషాలు లేవు.

నీ గంట


నవంబరు 20

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ నడుం ఎలా ఉందో, మరదలి మోకాలు ఎలా ఉందో అడగాలి. ఈసారి అడిగే ఓపిక లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నేను నాలుగో తరగతి మనిషిని, మాటలు చుట్టి చెప్పడం రాదు.

ఎడమ చెవి మిషను గరగరమంటుంటే బాగుచేయించడానికి తీసుకెళ్ళాం. అక్కడి అతను మిషను మీద నంబరు చూసి, కంప్యూటరులో కొట్టి, "నలభై ఎనిమిది వేల జత ఇది, జాగ్రత్తగా వాడండి పెద్దమ్మా" అన్నాడు. తప్పు విన్నానేమోనని ఇంకోసారి చెప్పించుకున్నాను. అమ్మాయి నీళ్ళు తాగించింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. నాకు వచ్చిన లెక్క బట్ట లెక్క ఒక్కటే. మా వర్క్‌షాపులో ఒక్కో చొక్కా కత్తిరించాక ఒక పీలిక మిగిలేది. యాభై చొక్కాల పీలికలు అతికితే ఒక్క చొక్కా అవుతుంది. నీ వందకి రెండు అన్నది అదే కదా, యాభైకి ఒకటి. అంటే నా చెవుల ధర పీలికల్లో రావాలంటే నువ్వు యాభై రెట్లు బట్ట కొనాలి. ఇరవై నాలుగు లక్షలు. టైరు ఆరువందలు అనుకుంటే నాలుగు వేల టైర్లు. ఆ లెక్కన మీ ఊళ్ళో కాళ్ళున్న వాళ్ళంతా నడవడం మరిచిపోవాలి. మరి నువ్వెందుకు నడుస్తున్నావు? నీ సైకిల్ ఏదిరా? ముప్పై తొమ్మిదేళ్ళుగా సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి నడవమని ఏ డాక్టరు చెప్పాడు? సైకిల్ తొక్కమని చెబుతాడు గానీ.

ఊరుకోలేక బ్యాంకుకి పోయాను. కౌంటరులో పిల్ల మంచిది.

"కార్డు బిల్లు గడువులోగా కడితే వడ్డీ ఉండదు కదమ్మా?" అన్నాను.

"మొత్తం కడితే ఉండదు మామ్మగారూ. కనీసం కడితే జరిమానా ఉండదంతే. వడ్డీ పడుతూనే ఉంటుంది. కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే పడుతుంది."

"ఎంత?"

"నూటికి మూడున్నర."

"ఏడాదికా?"

"నెలకి మామ్మగారూ. ఏడాదికి నలభై రెండు."

"మరి నా డిపాజిట్‌కి నువ్వెంతిస్తున్నావు?"

"ఏడు. ఏడాదికి." అని ఆ పిల్లే కొంచెం సిగ్గుపడింది. నా వెనకాల నిలబడ్డ పెద్దమనిషి "తొందరగా కానివ్వండి" అన్నాడు. "నా తమ్ముడు మునిగిపోతున్నాడు, రెండు నిమిషాలు ఆగు నాయనా" అన్నాను. అతను నిజంగానే ఆగాడు.

గంటా, నువ్వు కట్టేది పై అంకెనా, కింది అంకెనా? ఒక్క మాట రాయి. బిల్లు కాగితం కూడా పంపు.

పనిముట్ల పెట్టె సంగతి జనవరిలో ఎత్తావు. అది వేరు. దాన్ని ఇందులోకి తేకు.

నీ అక్క


నవంబరు 28

అక్కకి,

నాకు యాభై ఎనిమిదేళ్ళు. షాపు నడుపుతున్నాను, అద్దె కడుతున్నాను, ఎవరి దగ్గరా చేయి చాచలేదు. అక్కకి ఒక వస్తువు కొనిచ్చే స్తోమత కూడా లేదనుకుని, బ్యాంకుకి పోయి, పదిమందిలో "నా తమ్ముడు మునిగిపోతున్నాడు" అని చాటావు. నీకు వినబడాలని కొన్నాను. నా లెక్కలు వినడానికి కాదు.

బిల్లు పంపను.

తమ్ముడు


డిసెంబరు 13

ప్రియమైన తమ్ముడికి,

నిన్నటి దాకా పోస్ట్‌మాన్ అడుగుల చప్పుడు రెండో అంతస్తులో ఉండగానే నాకు వినబడేది. అది నీ మిషను పుణ్యమే. కానీ అతను మా గుమ్మం దాటిపోయే చప్పుడు కూడా వినబడేది. నిన్న తలుపు తీసి నిలబడ్డాను. "ఏమీ లేదు మామ్మా, ఉంటే నేనే పిలుస్తాను కదా" అన్నాడు. "మా తమ్ముడు అలిగాడు నాయనా" అన్నాను. "ఎంత వయసు?" అన్నాడు. చెప్పాను. "ఆ వయసులో అలక తీరడానికి టైం పడుతుంది" అని నవ్వి దిగిపోయాడు.

అతను వెళ్ళాక మిషన్లు తీసి పెట్టెలో పెట్టేశాను. కోపంతో కాదు. పెట్టుకున్నప్పుడల్లా నెలకి మూడున్నర, నెలకి మూడున్నర అని చెవిలో అంటున్నట్టు ఉంటోంది. అమ్మాయి మాత్రం నన్ను వదలడం లేదు. "తీసేస్తే వడ్డీ ఆగుతుందా అమ్మా? పెట్టుకో, కనీసం కట్టిన దానికైనా విను" అని అరుస్తోంది. అరిచినా సగమే వినబడుతోంది.

బ్యాంకులో అలా అనకుండా ఉండాల్సింది. భయం వేస్తే నా నోరు నా మాట వినదు, నీకు తెలుసు. నువ్వు చిన్నప్పుడు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వీధి వీధంతా లేపేదాన్ని. అప్పుడు కూడా నీకు తలవంపులే.

ఏమీ అడగను. బాగున్నానని ఒక్క ముక్క రాయి చాలు.

నీ అక్క


డిసెంబరు 21

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ మరదలు చదివింది. దాంతో ఆగకుండా, నేను దాచిన పాతది కూడా పనిముట్ల పెట్టె అడుగు నుంచి తీసి చదివింది. చదివి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. అలా కూర్చుంటే నాకు భయం.

"మీ అక్క నాలుగో తరగతి. నువ్వు పదో తరగతి. లెక్క ఎవరికి వచ్చింది?" అంది. బిల్లులన్నీ నేల మీద పరిచాం. పది బిల్లులు. మోకాలు నొప్పి ఉన్న మనిషి, రెండు గంటలు నేల మీదే కూర్చుంది.

కింది అంకే కట్టాను అక్కా. ప్రతి నెలా, గడువుకి రెండు రోజుల ముందే. బుద్ధిమంతుడిలా.

నీ చెవి మిషన్లు నలభై ఎనిమిది వేలు. ఆ తర్వాత నెలకి నాలుగు వేల చొప్పున షాపు సరుకూ, ఇంటి సరుకూ. పది నెలల్లో నేను కట్టింది ముప్పై రెండు వేలు. ఇంకా ఉన్న బాకీ డెబ్భై ఎనిమిది వేల పైన. అందులో వడ్డీయే ఇరవై రెండు వేలు. తర్వాత కట్టాల్సిన కింది అంకె మూడు వేల తొమ్మిది వందలు, గడువు జనవరి పదిహేను. నాకు వాళ్ళు వెనక్కి ఇచ్చింది మొత్తం కూడితే పదిహేడు వందల అరవై. ఫోన్ టింగుమన్నప్పుడల్లా సంబరపడ్డాను చూడు, ఆ టింగులన్నీ కలిపి.

నీతో అబద్ధమాడాను. వెనక్కిచ్చిన డబ్బుతో కొన్నానని రాయకపోతే నువ్వు మిషన్లు తిప్పి పంపేదానివి. కానీ వాళ్ళది పెద్ద మనసని రాసిన మాటలో అబద్ధం లేదు. ఉన్నంత ఇచ్చి వెళ్ళమంటున్నారనే అనుకున్నాను. నా ఖాతా పుస్తకంలో మా పోస్ట్‌మాన్ పేరు ఎదురుగా ఇంకా రెండు వందలు ఉన్నాయి. దాన్ని నేను ఏడాదిగా పెంచలేదు. పెంచొచ్చని నాకు తట్టనే లేదు. అవతలి వాళ్ళు పెంచుతారని ఎలా తడుతుంది?

సైకిల్ జులైలో అమ్మేశాను, ఆ నెల కింది అంకె కట్టడానికి.

ఇప్పుడు షాపులో రెండో స్టాండూ, పనిముట్ల పెట్టే అమ్మేద్దామనుకుంటున్నాను. పెట్టెకి పాత ఇనుము ధర కంటే కొంచెం ఎక్కువే ఇస్తామన్నారు. నువ్వు బహుమానంగా గెలుచుకున్న డబ్బుతో కొన్నది. నీకు చెప్పకుండా అమ్మడం బాగుండదని రాస్తున్నాను.

నీ గంట


డిసెంబరు 29

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. పెట్టె అమ్మకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఒక్క స్పానరు కూడా అమ్మకు.

మిషన్లు పెట్టుకునే రాస్తున్నాను. కలం కాగితం మీద గీసుకునే చప్పుడు కూడా వినబడుతోంది. అందుకని ఈసారి నెమ్మదిగా రాస్తాను.

వెయ్యో చొక్కాకి బహుమానం ఎవరూ ఇవ్వలేదురా. వెయ్యో చొక్కా ఎప్పుడు కుట్టానో నాకే తెలియదు, అక్కడ ఎవరు లెక్కపెట్టారు? నువ్వు పెట్టె కోసం ఆ కొట్టు ముందు రోజూ నిలబడి అద్దంలోకి చూసేవాడివి. నేను యజమాని దగ్గర అప్పు తీసుకున్నాను. నెలకి నూటికి ఐదు. అప్పు అంటే నువ్వు పెట్టె ముట్టుకోవు. అందుకని బహుమానం అన్నాను. ఆ అబద్ధం చెబుతూ ఎంత నవ్వానో. నువ్వు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పావు.

ప్రతి నెలా జీతం ఇచ్చేటప్పుడు యజమాని "ఈసారికి వడ్డీ ఇస్తే చాలమ్మా, అసలు తర్వాత చూద్దాం" అనేవాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఆ "చాలు" అన్న మాట నన్ను ఐదేళ్ళు కుట్టు మిషను ముందు కూర్చోబెట్టింది. పెట్టె ధరకి మూడింతలు వడ్డీయే కట్టాను. చివరికి పక్క మిషనావిడ చెప్పింది, "వాడు చాలన్నాడంటే వాడికి చాలడం లేదని అర్థం, ముందు అసలు తీర్చెయ్" అని. నువ్వు జనవరిలో కింది అంకె గురించి రాసినప్పుడు నాకు ఆ "చాలు" అన్న మాటే వినబడింది. అప్పుడే గట్టిగా అడగాల్సింది. అడిగితే పెట్టె సంగతి బయటపడుతుందని జంకాను. ముప్పై తొమ్మిదేళ్ళ అబద్ధం కాపాడుకోవడానికి పది నెలలు నిన్ను వదిలేశాను.

లోకంలో ఊరికే వచ్చేవి ఉంటాయని నీకు నేర్పింది కార్డు వాళ్ళు కాదు, నేను. కాబట్టి సిగ్గుపడాల్సింది నువ్వొక్కడివే కాదు. సగం నాకు ఇవ్వు.

ఇప్పుడు పని మాట. డిపాజిట్ తీసేస్తున్నాను. నా డబ్బు ఏడుకి నిద్రపోతుంటే నీ బాకీ నలభై రెండుకి పరిగెత్తుతోంది. ఈ మాట కౌంటరు పిల్లకి చెబితే "ఈ మాట మా మేనేజరుకి కూడా తట్టదు మామ్మగారూ" అంది. ఊరికే ఇవ్వడం లేదు, ఉలిక్కిపడకు. ఊరికే ఇచ్చే పాఠం మన ఇంట్లో ఇక చాలు. ఏడాదికి ఏడే నాకూ ఇవ్వు. కార్డు వాళ్ళకి ఈసారి కట్టాల్సిన మూడు వేల తొమ్మిది వందలే ప్రతి నెలా నాకు పంపు. రెండేళ్ళు నిండకుండా తీరిపోతుందని అమ్మాయి లెక్క వేసి చూపించింది. మనిద్దరి మధ్య కింది అంకె ఉండదు. ఉన్నది ఒకటే అంకె.

కింది వాటా రెండేళ్ళు ఆగుతుంది. దాని గురించి బెంగ వద్దు. నన్ను మెట్లెక్కమని డాక్టరు చెప్పాడు. నిన్ను నడవమన్న డాక్టరే.

కార్డు విరిచి పారేయమని అనను. కత్తెర వేలు తెగ్గోసిందని కత్తెరని పారేస్తే దర్జీ పని ఏమవుతుంది? బాకీ తీరాక గల్లాపెట్టెలో ఎంత నగదు ఉందో అంతకే గీయి. బిల్లు రాగానే పై అంకె కట్టు. అప్పుడు ఆ వందకి రెండు పీలికలూ నిజంగా నీవే, సంచీ కుట్టుకో. గల్లాలో లేని రోజున కార్డు మరదలి దగ్గర, ఇస్త్రీపెట్టె కింద ఉండాలి.

రేపే కార్డు వాళ్ళకి ఫోన్ చేయి. ఫలానా తారీఖున మొత్తం తీర్చేస్తే అణా పైసలతో ఎంతవుతుందో అడిగి, కాగితం మీద రాసుకో. ఉజ్జాయింపుగా వద్దు. వంద మిగిలినా దాని తోక పట్టుకుని మళ్ళీ వస్తారు.

డబ్బు పోస్టులో పంపే ధైర్యం నాకు లేదు, బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపితే దారిలో ఏమవుతుందోనని భయం. అమ్మాయి నవ్వుతోంది, నవ్వనీ. నేనే తెస్తాను. ఎనిమిదేళ్ళయింది మీ ఇంటికి వచ్చి. వినబడని మనిషి వచ్చి ఏం మాట్లాడుతుందని మానేశాను. ఇప్పుడు మరదలు నన్ను గురించి గొణిగేది కూడా విని వెళ్తాను, దానికి చెప్పు. టీచరమ్మకి కూడా చెప్పు, మెట్ల మీద దుమ్ము నేను ఊడుస్తానని.

బస్టాండుకి నడిచి రాకు. షాపులో పాత ముక్కలు ఏరి ఒక సైకిల్ బిగించుకో, దానికి గంట తప్పకుండా పెట్టు. నువ్వు వస్తున్నావని నాకు దూరం నుంచే తెలియాలి.

గడువు పదిహేను కదా. నేను జనవరి పన్నెండున, ఉదయం తొమ్మిదింటి బస్సుకి దిగుతాను.

నీ అక్క